నా పేరు రాసిన బాకా

ఊపిరి పోసిన దేవునికి స్తోత్రం. ఆ ఊపిరిని ఒకే ఒక్క మరమ్మతుతో అరవై ఏళ్లు దాటించినందుకు మరీ మరీ స్తోత్రం. నేను ఏది రాయడానికి కూర్చున్నా ముందు ఈ మాట అనుకునే కూర్చుంటాను. ఇది మా నాయనమ్మ రాహేలమ్మ నేర్పిన అలవాటు. ఆమెకు అక్షరం రాదు. బైబిలు వాక్యమంతా చెవులతోనే నేర్చుకుని, చదువుకున్నవాళ్లు తడబడితే వెనక బెంచీలోంచి అందించేది. "కృతజ్ఞత ముందు, కూర తర్వాత" అని ఆమె సిద్ధాంతం. ఆ కృతజ్ఞత విషయంలో ఆమె ఒకసారి మరీ ముందుకు వెళ్లిపోయింది. దాని ఫలితం నా గుండె మీద పడింది.

పోయిన నెల ఒక ఆదివారం నాంపల్లిలో మా మందిరం వెనక సామాన్ల గది ఖాళీ చేశారు. విరిగిన కుర్చీలు, పాత పాటల కాగితాలు, క్రిస్మస్ నక్షత్రాల వెదురు బద్దలు బయటికి వచ్చాయి. వాటి మధ్యలోంచి యువకుల సంఘంలోని ఒక అబ్బాయి తుప్పు పట్టిన మైకు బాకా ఒకటి ఎత్తి చూపించి, "ఆంటీ, దీని మీద ఎవరిదో పేరున్నది, జర చూడున్రి" అన్నాడు. తడిగుడ్డతో తుడిస్తే పచ్చ రంగు అక్షరాలు బయటపడ్డాయి. "కుమారి కరుణ స్వస్థత పొందినందుకు కృతజ్ఞతగా." ఆ కుమారిని నేనే. ఆ రాత రాసిన రోజుకు నాకు స్వస్థత కాదు కదా, సందు చివరి కిరాణా కొట్టు దాకా నడిచే శక్తి కూడా లేదు. అబ్బాయికి ఆ మాట చెబితే నవ్వాడు. నేనూ నవ్వాను. వెనక బెంచీలో చంకన పాపను, ఒళ్లో దవాఖాన ఫైలును పెట్టుకుని ఒక తల్లి కూర్చుని ఉంది. ఆమె నవ్వలేదు. ఆమె సంగతికి చివర్లో వస్తాను.

అప్పట్లో స్టేషన్ వెనక సందులో మాది ఒంటి గది కిరాయి ఇల్లు. పొద్దున్నే తలుపు తీస్తే ఒక పక్క నుంచి రైలు బొగ్గు వాసన, ఇంకో పక్క నుంచి ఇరానీ హోటల్లో బన్నులు కాలుతున్న వాసన వచ్చేవి. బన్నుల వాసన ఉచితం కాబట్టి నాయనమ్మ మమ్మల్ని గడపలో కూర్చోబెట్టి గంజి తాగించేది. మా నాయన జానయ్య ఆబిడ్స్‌లో ఒక పెద్ద టైలరు దుకాణంలో కాజాలు కుట్టేవాడు. కోటు కత్తిరించేది ఒకరు, కుట్టేది ఇంకొకరు. గుండీలు దూరే కన్నాలకు సన్నని దారంతో అంచు కట్టే పని మాత్రం ఆయనది. ఆయన చొక్కా ఎప్పుడూ ఇస్త్రీ బొగ్గు, మిషను నూనె కలిసిన వాసన వేసేది. ఎవరైనా "మీ కొడుకు ఏం పని చేస్తడు?" అని అడిగితే నాయనమ్మ కొంగు సర్దుకుని, "నవాబుల కోట్లకు కండ్లు పెడ్తడు" అనేది.

మందిరం రేకుల షెడ్డు. పట్టాలు ఎంత దగ్గరంటే, ప్రసంగం మధ్యలో రైలు వస్తే పాస్టరు అయ్యగారు చూపుడు వేలు పైకెత్తి ఆ మాట దగ్గరే ఆగిపోయేవారు. బండి పోయాక అదే మాట నుంచి అందుకునేవారు. గూడ్సు బండి వస్తే మాత్రం ఎక్కడ ఆపారో ఆయనకే గుర్తుండేది కాదు. "పాపి" అన్నాక గూడ్సు వచ్చిందంటే ఆ పాపి గతి ఏమైందో తేలడానికి వచ్చే ఆదివారం దాకా ఆగాలి. సంఘ పెద్ద యాకోబు తాతకు ఇది పెద్ద దిగులు. ఆయన రైల్వేలో జెండా ఊపి రిటైరైనవాడు. ఆ చప్పుడంతా తన తప్పే అన్నట్టు తల దించుకునేవాడు. మైకూ బాకా కొనాలని ఆయన ఎన్నో ఏళ్లుగా ప్రార్థిస్తున్నాడు.

ఎనిమిదో ఏట నా జబ్బు బయటపడింది. పది అడుగులు వేస్తే కూర్చునేదాన్ని. నాయనమ్మ దాన్ని బద్ధకం అనుకుంది. "మీ తాత పోలిక. ఆయన గూడ గిట్లనే గోడ చూస్తే కూసునేటోడు" అనేది. బడిలో టీచరమ్మ గట్టిగా చెబితే అమ్మా నాయనా నన్ను పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. డాక్టరమ్మ నా రొమ్ము మీద గొట్టం పెట్టి, కళ్లు మూసుకుని విని, పక్క గదిలోని డాక్టర్లను కూడా పిలిచి వినిపించింది. అంతమంది వరసగా వచ్చి వింటుంటే నాకు ఎంత గర్వమో. లోపల ఏదో పాట వస్తోందనుకున్నాను. ఆమె నాయనను కూర్చోబెట్టి, "పుట్టగానే మూసుకుపోవాల్సిన దారి ఒకటి మూసుకోలేదు. నెత్తురు అడ్డదారిన పోతున్నది. ఆపరేషన్ చేసి కట్టెయ్యాలె" అని చెప్పింది. నాయన కాసేపు ఆలోచించి, "కాజా ఉన్నది, గుండీ పెట్టలే. గంతే కదమ్మా?" అన్నాడు. ఆమె నవ్వి, గంతే అంది. ఇంటికొచ్చి ఈ మాట చెప్పగానే నాయనమ్మకు కోపం వచ్చింది. "దేవుడు గుండీ మర్చిపోతడారా? నీకు పనిబెట్టిండు" అంది.

మంచానికీ డాక్టర్ల చేతి చలవకూ పైసా అక్కర్లేదు. కానీ మందులు, సూదులు, కుట్లు వేసే దారం, ఇంకా నోరు తిరగని వస్తువులు బయట కొని తేవాలని మూరెడు చీటీ రాసిచ్చారు. దసరా సెలవుల తర్వాతి వారం మా వంతు. ఆ రోజుకు చీటీలో ఒక్క వస్తువు తగ్గినా వంతు ఇంకొకరికి పోతుంది. మళ్లీ వంతు రావాలంటే ఏడాది. "ఈ చలికాలం మళ్ల జ్వరం రొమ్ముకు పడ్తే పిల్ల తట్టుకోదు" అని డాక్టరమ్మ అమ్మను పక్కకు పిలిచి చెప్పింది. పక్కకంటే నాకు వినపడేంత పక్కకే. నాయన డబ్బును రూపాయల్లో కాదు, కాజాల్లో లెక్కపెట్టేవాడు. చీటీ ముందు పెట్టుకుని చాలాసేపు వేళ్లు ముడిచి, చివరికి చేతులు దులుపుకుని, "హైదరాబాద్‌ల గన్ని కోట్లు లెవ్వు" అన్నాడు.

అప్పుడు స్త్రీల సమాజం నా కోసం పిడికెడు బియ్యం మొదలుపెట్టింది. అన్నం వండే ప్రతిసారీ ఒక పిడికెడు దేవుని పేర పక్క డబ్బాలో వేసి, ఆదివారం మందిరానికి తేవడం మా ఆచారం. ఇప్పుడవి నా గుండె కోసం. కానీ అందరి పిడికిళ్లూ కలిస్తే సన్నవీ దొడ్డువీ రేషన్‌వీ ఒకే సంచిలో చేరాయి. వండితే సగం ముద్దయ్యేది, సగం పళ్లకింద పలికేది. బేగం బజార్‌కు మోసుకుపోతే అక్కడి సేటు గుప్పెట్లో పోసుకుని చూసి, "అమ్మా, ఇవి బియ్యమా, బరాతా? పెళ్లికి వచ్చినట్టు అన్ని రకాలవాళ్లూ ఉన్నారు" అని తిప్పి పంపాడు. ఆఖరికి స్టేషన్ ముందు దోసెల బండాయన తీసుకున్నాడు. "రుబ్బినంక అందరొకటే" అన్నాడు. అంత మంచి ప్రసంగం నేను మళ్లీ వినలేదు.

నా మట్టుకు ఆ రోజులు పండగే. ప్రతి ఆదివారం ప్రార్థనలో నా పేరు, ఇంటికి పరామర్శలు. ఒకామె వెల్లుల్లి పాలు, ఇంకొకామె దానిమ్మ, దూరపు చుట్టం ఒకాయన ఎక్కడినుంచో గాడిద పాలు. ఆపిల్ పండుతో ఎవరైనా గడప ఎక్కితే నా ఆయాసాన్ని కొంచెం పెంచేదాన్ని. దేవుడు క్షమించుగాక. ఆయన క్షమించాడు గాని, ముందు దానికి తగిన బుద్ధి చెప్పాడు.

ఒక ఆదివారం అయ్యగారు విశ్వాసం మీద మాట్లాడారు. అడిగేటప్పుడే అందిందని నమ్మాలని, ఖాళీ చెయ్యి చాపి ఉంచడం కాదు, చేతిలో పడ్డట్టు పిడికిలి బిగించడమే విశ్వాసమని. నాయనమ్మ అప్పుడే పిడికిలి బిగించడం నేను చూశాను. దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పే సాక్ష్యాల సమయం రాగానే లేచి నిలబడి, "నా మనుమరాలిని దేవుడు ముట్టిండు! గుండె మంచిగైంది! స్తోత్రం!" అని అరిచింది. మందిరం స్తోత్రాలతో మారుమోగింది. అమ్మ కంగారుగా ఆమె కొంగు లాగి, "అత్తా, ఇంకా కాలే గదా!" అంటుండగానే గూడ్సు బండి వచ్చింది. ఎన్ని డబ్బాలో ఆ బండికి! అది పోయేసరికి ఆడవాళ్లు నన్ను ముద్దులు పెట్టుకుంటున్నారు, యాకోబు తాత కళ్లు తుడుచుకుంటున్నాడు, అయ్యగారు కృతజ్ఞతా ప్రార్థన ముగించి ఆమేన్ అంటున్నారు. నాయన ఉంటే ఆపేవాడేమో. పెళ్లికోట్ల తొందరని ఆ ఆదివారం దుకాణంలోనే ఉండిపోయాడు.

సాయంత్రం సంగతి తెలిసి నెత్తి పట్టుకున్నాడు. "అవ్వా, గిదేంది? పోయి ఇంకా కాలేదని చెప్పు."

"ఎట్ల చెప్తరా? దేవుని మాట ఎనక్కి తీస్తమా?"

"అయినంక చెప్పరాదు?"

"అయినంక చెప్తే అది విశ్వాసమెట్లయితది? వార్త అయితది" అంది నాయనమ్మ.

మర్నాడు సాయంత్రం నాయనే యాకోబు తాత ఇంటికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ముఖం పాలిపోయి ఉంది.

"చెప్పినవా?" అంది అమ్మ.

"నోరు తెరిచిన. లడ్డు పెట్టిండు."

"మింగినంక?"

"మింగినంక బాకా చూపెట్టిండు."

నేను బాగైపోయానన్న సంతోషంలో, ఇక ఆ బియ్యం డబ్బుతో పని లేదని, సంఘంవాళ్లు కృతజ్ఞతగా ఆబిడ్స్‌కు పోయి మైకూ బాకా కొనేశారు. పచ్చ రంగుతో నా పేరు రాయించేశారు కూడా. ఆ రంగు ఇంకా ఆరలేదు. తాత ఆయన్ను కౌగిలించుకుని, చొక్కాకు కాస్త పచ్చ అంటించి పంపాడు.

వచ్చే ఆదివారం బాకా ప్రతిష్ఠ. ఈలోగా ప్రార్థన కూటాలకు నేను బాగైనట్టే వెళ్లాలి. "మందిరంల ఆయాసపడకు బిడ్డా" అంది నాయనమ్మ. "వస్తే?" అన్నాను. "ముక్కుతోని మెల్లగ రానియ్యి." మందిరానికి మూడే మెట్లు. మొదటి మెట్టు మీద చెప్పు పట్టీ సర్దుకునేదాన్ని. రెండో మెట్టు మీద ఎవరికో ఒకరికి వందనం చెప్పేదాన్ని. మూడో మెట్టు మీద ఆకాశం వంక చూస్తూ అందినంత గాలి పీల్చుకునేదాన్ని. "పిల్లకు ఎంత భక్తి వచ్చిందో!" అని వెనకవాళ్లు చెప్పుకునేవారు. ఆపిళ్లు బంద్ అయ్యాయి. బాగైన పిల్లకు ఆపిల్ ఎందుకు?

ప్రతిష్ఠ రోజు బాకాను రేకుల మీద వాసానికి కట్టి రోడ్డువైపు తిప్పారు. మొదటి పాట నాతో పాడించాలని తాత పట్టు. రెండు చరణాలు నాలుగిళ్ల దూరం వినపడేలా పాడాను. మూడో చరణంలో ఊపిరి అందలేదు. పాట ఆగింది గాని మైకు ఆగలేదు. నా ఆయాసం, కొలిమి తిత్తిలాగా, రేకుల మీదినుంచి రోడ్డు మీదికి, రోడ్డు మీదినుంచి స్టేషను దాకా వెళ్లింది. అదే సమయానికి వచ్చిన ప్యాసింజరు బండి చప్పుడు దాని ముందు ఆనలేదని తాత తర్వాత చెప్పేవాడు. నేను మైకు కడ్డీ పట్టుకుని కూలబడ్డాను. అమ్మ బెంచీలు దాటుకుంటూ వచ్చి నన్ను ఎత్తుకుంది. అయ్యగారు బిత్తరపోయి, "ఏందమ్మా, బాగైందన్నరు కదా?" అన్నారు. మందిరంలో ఎన్నడూ నోరెత్తని మా అమ్మ, ముందు మైకు ఉందన్న ధ్యాస లేకుండా, "బాగైందని దేవుడు చెప్పలే అయ్యగారూ, మా అత్త చెప్పింది!" అంది.

ఆ మాట నాంపల్లి అంతా విన్నది.

నాయనమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుని కూర్చుండిపోయింది. మూడు రోజులు ఆమె మాట్లాడలేదు. మా ఇంట్లో అంత నిశ్శబ్దం నేనెరుగను. బన్నుల వాసన కూడా పెద్దగా వినిపించేంత నిశ్శబ్దం. నాయనా యాకోబు తాతా బాకాను రిక్షాలో పెట్టుకుని దుకాణానికి తిప్పివ్వబోతే, దుకాణదారు దాన్ని తిప్పి చూసి, "పేరు రాయించుకున్నరు. కరుణ అని ఇంకో పిల్ల ఎవరన్నా బాగైతే వాళ్లకమ్ముకోన్రి" అన్నాడు. ఆపరేషన్‌కు ఐదు వారాలుంది. చీటీలో ఒక్క వస్తువూ కొనలేదు.

మందిరం ఎదురుగా టెంటు సామాను కిరాయికిచ్చే ఖాదర్ భాయ్ ఆ ఆదివారం నా ఆయాసం తన గద్దె మీద కూర్చునే విన్నాడు. బుధవారం మా ఇంటికి వచ్చి గడపలో నిలబడి, "జానయ్యా, ఫికర్ జెయ్యకు. షాదీల సీజన్. నా దగ్గర సామియానాలున్నయ్, కుర్చీలున్నయ్, దేగ్చాలున్నయ్. భోంగా ఒక్కటే లేదు. మీ భోంగా ఇయ్యిన్రి. కిరాయి మొత్తం పాపదే" అన్నాడు. ఆయన భోంగా అన్నది మా బాకానే.

దీని మీద సంఘం కూర్చుంది. దేవునికి ప్రతిష్ఠించిన బాకా సినిమా పాటలు పాడొచ్చా? నిఖాలో మాట్లాడొచ్చా? అయ్యగారు గ్రంథం తిరగేస్తున్నారు, తాత మీసం తిప్పుతున్నాడు. వెనక బెంచీలోంచి మూడు రోజుల తర్వాత నాయనమ్మ గొంతు లేచింది. "దేవునికిచ్చిన బియ్యం దోసెల బండికి పోలేదా? ఆ దోసెలు ఎవరు తిన్నరో అడిగినమా?" అయ్యగారు గ్రంథం మూసేశారు.

ఆ ఐదు వారాలు మా బాకా తిరిగినంతగా మా ఇంట్లో ఎవరూ తిరగలేదు. నిఖాలు, నిశ్చితార్థాలు, గణపతి మండపం, ఒక బారసాల, ఒక ఎలక్షన్ మీటింగు. "స్వస్థత పొందినందుకు" అన్న అక్షరాల కింద నిలబడి మాట్లాడిన ఆ అభ్యర్థి ఓడిపోయాడు. ఆ తప్పు మాది కాదు. పెళ్లివాళ్లు ఎవరైనా "యే కరుణ కౌన్?" అని అడిగితే ఖాదర్ భాయ్ కథంతా చెప్పేవాడట. పెళ్లికొడుకు తండ్రి ఒకాయన విని కిరాయితో పాటు ఒక గంప ఆపిళ్లు పంపించాడు. మా ఇంట్లో పొద్దుటి ప్రార్థన మారిపోయింది. నాయనమ్మ మోకాళ్ల మీద వంగి, ముసుగు సర్దుకుని, "ప్రభువా, ఈ శుక్రవారం ఇంకొక్క నిఖా దయచెయ్యి. పెద్దింటిది" అని వేడుకునేది. మేము ఆమేన్ అనేవాళ్లం. చీటీలో ఒక్కో వస్తువు పక్కన నాయన బట్ట మీద గీత గీసే సుద్దతో టిక్కు పెట్టేవాడు. ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు ఆఖరి టిక్కు పడింది. యాకోబు తాత నెత్తురు నాకు సరిపడలేదు. అయ్యగారిదీ ఖాదర్ భాయ్‌దీ సరిపోయింది. నాకు ప్రసంగమూ బిర్యానీ రెండూ ఎక్కువైనా ఇబ్బంది కాకపోవడానికి కారణం అదేనని ఇంట్లో అనేవారు.

ఆపరేషన్ గది బయట నాయన ఊరికే కూర్చోలేక దుకాణం నుంచి ఒక కోటు తెచ్చుకుని ఒళ్లో పెట్టుకుని కాజాలు కుట్టాడు. పక్కన నాయనమ్మ పెదవులు కదలడం తప్ప శబ్దం లేదు. డాక్టరమ్మ బయటికొచ్చి, "జానయ్యా, గుండీ పెట్టినం" అనేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పుడు చూసుకున్నాడు ఆయన. ఐదు కాజాలు ఉండాల్సిన ఆ కోటుకు తొమ్మిది కుట్టాడు. దుకాణం యజమాని తిట్టి, ఆ కోటును నాయనకే అంటగట్టాడు. ఎక్కువైన నాలుగింటికి గుండీలు లేకుండానే నాయన దాన్ని బతికినన్నాళ్లూ పండగలకు తొడుక్కున్నాడు.

నేను మూడు మెట్లూ ఆగకుండా ఎక్కిన మొదటి ఆదివారం, సాక్ష్యాల సమయంలో అందరూ నాయనమ్మ వైపు చూశారు. బాకా ఆ రోజు మందిరంలో లేదు. అప్పటికే మాట ఇచ్చిన ఒక పెళ్లికి కాచిగూడ పోయింది. ఆమె లేచి నిలబడింది. నోరు తెరవబోతుంటే దూరంగా కూత వినపడింది. గూడ్సు బండి. జీవితంలో మొదటిసారి మా నాయనమ్మ రైలు పోయేదాకా ఆగింది. చివరి డబ్బా కూడా దాటి, పట్టాల చప్పుడు పూర్తిగా అణిగాక, మెల్లగా అంది.

"నేను జర తొందరపడ్డ. దేవుడు తొందరపడలే, ఆలస్యం జెయ్యలే. గిది వార్తనే. స్తోత్రం."

కూర్చుంది. అంత చిన్న సాక్ష్యం ఆమె మళ్లీ ఎన్నడూ చెప్పలేదు.

ఇప్పుడు రేకుల షెడ్డు లేదు, ఏసీ ఉన్న మందిరం ఉంది. మెట్రో అంత చప్పుడు చెయ్యదు కాబట్టి ఎక్కడా ఆగకుండా ప్రసంగం రెండు గంటలు సాగుతుంది. గూడ్సు బండి విలువ ఇప్పుడు తెలుస్తోంది. వెనక బెంచీలో తల్లి ఉందన్నానే, ఆమె భర్త ఊళ్లో రెండెకరాలు వదిలి వచ్చి ఇక్కడ ఆటో నడుపుతున్నాడు. పాపకు నాలుగేళ్లు. మూసుకోని దారి ఒకటి దాని గుండెలోనూ ఉంది. మందుకు మూసుకోలేదు, ఇంకేదో చెయ్యాలంటున్నారు. ఆమె ఫోన్ తీసి, ముక్కులో గొట్టంతో ఉన్న పాప ఫోటో చూపించి, "ఇది అందరికీ పంపిన ఆంటీ. చూసినట్టు నీలం గీతలు వస్తున్నయి గాని ఎవ్వరూ ఏమంటలేరు" అంది. నా ఆయాసం ఒక బాకాలో వినపడితే నాంపల్లి లేచి వచ్చింది. ఇప్పుడు ప్రతివాడి జేబులోనూ ఒక బాకా ఉంది. అయినా నేను వాళ్లను తప్పుపట్టను. ఆ నీలం గీతల్లో ఒక జత నావి కూడా. ఫోటో నాకూ వచ్చింది, చూసి, అయ్యో అనుకుని, ఇంకేదో చూస్తూ వెళ్లిపోయాను.

ఆ ఆదివారమే ఇంటికొచ్చి వంటింట్లో ఒక ఖాళీ డబ్బా కడిగి పెట్టాను. పాత బాకాను తుడిచి దాని పక్కనే ఉంచాను. మా స్త్రీల సమాజంలో పదిహేడు మంది డబ్బాలు పెట్టారు. బియ్యం మళ్లీ అన్ని రకాలూ వస్తున్నాయి. ఇది చదువుతున్న మీరు ఏ దేవుణ్ని ఏ పేరుతో పిలిచినా సరే, ఈ పూట పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు ఒక పిడికెడు పక్కకు తీసి, నాతో పాటు ఒక్కసారి కళ్లు మూయండి. పాప బాగైందని నేను చెప్పడం లేదు. ఇంకా కాలేదు. ప్రభువా, ఊపిరి నీది, పిడికిలి మాది. ఆ చిన్నదాన్ని మూడు మెట్లు ఆగకుండా ఎక్కించు. అయినంక మేమే వచ్చి చెబుతాం. ఆమేన్ అనండి.